సూర్రావు గారి పేరున గిన్నెలు

గుడివాకలంక,
సోమవారం.

చిరంజీవి సాయిదుర్గకు నీ మావయ్య సూర్రావు ఆశీర్వదించి, ఆ వెంటనే కోప్పడి వ్రాయునది.

ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. ఫోను చెయ్యకు, ఎత్తను. ఫోన్లో నీ గొంతు వింటే నా కోపం చల్లారిపోతుంది. ఈసారి చల్లారడం నాకిష్టం లేదు. అందుకే చేపల వ్యాను ఏడుకొండలు చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. జవాబు కూడా వాడి చేతే పంపు.

వట్లూరులో మన పులుసు కొట్లో కవర్లు మానేశావట కదా! ఈ సంగతి నాకెవరు చెప్పాలి? నువ్వు చెప్పాలా, ఏడుకొండలు చెప్పాలా? నలుగురూ ఉండగా వాడొచ్చి, "అదేంటండీ, మీకు తెలీదాండీ? అమ్మగారు కవర్లన్నీ తీయించేశారండి" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ, నేనే చెప్పాన్లే" అని అబద్ధమాడి ఊరుకున్నాను.

ఏలూరు పవర్‌పేట స్టేషను దగ్గర తోపుడు బండి మీద పులుసు అమ్మిన రోజులనుంచీ నాకు పేరు తెచ్చింది చేప ఒక్కటే కాదు, పొట్లం. కవరులో పులుసు పోసి, కాస్త గాలి పట్టించి, మెడ మెలేసి, రబ్బరుబ్యాండు తిప్పి లోపలికి దోపితే, దాన్ని గోడకేసి కొట్టినా చుక్క కారేది కాదు. పాసింజరు రైల్లో పై బల్ల మీద పెట్టుకుని గూడెం దాకా పట్టుకెళ్ళేవారు జనం. ఆ ముడి నేర్చుకోవడానికి నువ్వెన్ని చీరలు పాడుచేసుకున్నావో మరిచిపోయావా?

ఒళ్ళు సహకరించక కొట్టు నీ చేతిలో పెట్టి లంకకి వచ్చేశాను. చెల్లెలి కూతురివి, నా దగ్గరే పని నేర్చినదానివి, నేనేమీ బాధపడలేదు. కానీ ఆ కొట్లో నావంటూ మిగిలినవి రెండే. ఒకటి నేను కొట్టించి పంపే పులుసు కారం, రెండోది ఆ ముడి. అందులో ఒకటి తీసేశావు. కవరు తీసేశావంటే నన్ను తీసేసినట్టే.

ఇంతకీ పులుసు ఎందులో పోస్తున్నావు? దోసిట్లోనా?

ఇట్లు,
కోపంగా ఉన్న నీ మావయ్య,
సూర్రావు.

తా.క.: ఈ వారం కారం పంపాను. కవరులోనే కట్టి పంపాను. ముడి చూడు. చూసి సిగ్గుపడు.


వట్లూరు,
బుధవారం.

పూజ్యులైన మావయ్యగారికి సాయిదుర్గ దూరంనుంచే పాదాభివందనాలు చేసి రాయునది. దగ్గరకొస్తే మొట్టికాయ పడుతుందని భయమండి.

ఇక్కడ అంతా క్షేమం. కారం అందింది. ముడి చూశాను, సిగ్గుపడ్డాను. విప్పడం చేతకాక కత్తెరతో కోశాను.

మీకు చెప్పకపోవడం నా తప్పేనండి. కానీ కవర్లు మానేయడానికి కారణం మీరే. కిందటి వానాకాలం మీ వలలో చేప బదులు మన కొట్టు కవరు పడిందని, ముడి చూసి మనదేనని గుర్తుపట్టానని మీరే అన్నారు కదండీ. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఏలూరు పక్కన మనం కట్టిన పొట్లం కాలవల్లో పడి కొల్లేట్లోకి వచ్చి మన వలకే చిక్కుతోందంటే, రేపు ఆ కవరు మింగిన చేపనే మనం పులుసు పెట్టమని ఏంటండీ నమ్మకం? ఆ నీళ్ళమీదే కదా మన ఇళ్ళన్నీ బతికాయి.

ముందు చెరుకుపిప్పితో చేసిన డబ్బాలు తెప్పించాను. వేపుడుకి బాగానే ఉన్నాయి. పులుసు పోసి పంపితే మాత్రం, గూడెం చేరేసరికి డబ్బా ఉందిట, అడుగు లేదుట. రైల్లో పై బల్ల కింద కూర్చున్న లెక్చరరు గారి తెల్లప్యాంటు మీద కారింది. ఆయన ఆ ప్యాంటుతోనే క్లాసుకి వెళ్ళారు. పిల్లలకి పాఠం బుర్రకెక్కలేదు కానీ ఆకలి మాత్రం బాగా వేసిందట. తరవాత ఆకు దొన్నెలు చూశాను. దొన్నెకి మూత పెట్టడం ఆ దేవుడి తరం కూడా కాదండి.

ఆఖరికి స్టీలు గిన్నెలు చేయించాను. చుట్టూ క్లిప్పులున్న మూత. పులుసు పట్టుకెళ్ళడం, తిన్నాక కడిగి తెచ్చివ్వడం, అంతే. మన వైపు జనం మర్యాదస్తులు, ఎవరూ గిన్నె ఎగ్గొట్టరని నా ధైర్యం.

మీకు కోపం రాకుండా ఒక ఏర్పాటు కూడా చేశానండి. గూడెం స్టీలు కొట్లో ప్రతి గిన్నె మీదా మీ పేరే చెక్కించాను. పైన "శ్రీ సూర్రావు గారు, గుడివాకలంక" అని, కింద "సాయిదుర్గ, కుటుంబ సభ్యులు" అని. మూత మీద మీ ఫోటో. కొట్టు తెరిచిన రోజున మెళ్ళో బంతిపూల దండతో తీయించుకున్నారే, అదేనండి. అందులో మీరు చాలా ప్రశాంతంగా ఉంటారు.

ఇట్లు,
మీ మేనకోడలు,
సాయిదుర్గ.

తా.క.: గిన్నె చేతికివ్వగానే జనం ఎంత కదిలిపోతున్నారో చెప్పలేనండి. కళ్ళకద్దుకుని మరీ పుచ్చుకుంటున్నారు. మీ మీద వీళ్ళకింత అభిమానం ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు.


గుడివాకలంక,
ఆదివారం.

సాయిదుర్గకు నీ మావయ్య సూర్రావు బతికుండి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. ఇన్నేళ్ళూ అందరూ రాస్తారు కదా అని ఈ ముక్క రాసేవాణ్ణి. ఈ ఉత్తరంలో మాత్రం అసలు సంగతే ఇది. రెండుసార్లు చదువు.

నిన్న పొద్దున్న వాకిట్లో కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాను. ఆటో వచ్చి ఆగింది. మీ అత్తయ్య తమ్ముడు వీర్రాజు, వాడి పెళ్ళాం పద్మప్రియ గూడెంనుంచి దిగారు. నేను "రండి రండి" అనేలోపే వీర్రాజు "అక్కా!" అని గావుకేక పెట్టి, నన్ను దాటుకుంటూ లోపలికి పరిగెత్తాడు. కళ్ళనిండా నీళ్ళేమో, నన్ను చూసుకోలేదు. లోపల చేపలు కడుగుతున్న మీ అత్తయ్య, తమ్ముడింట్లో ఏదో అయిందనుకుని తనూ శోకాలు ఎత్తుకుంది. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఒకటే ఏడుపు. ఎవరికోసమో ఒక్కరికీ తెలీదు.

నేను లోపలికెళ్ళి "ఎవరు పోయార్రా?" అని అడిగాను.

వీర్రాజు నన్ను చూశాడు. గోడకంటుకుపోయాడు. సంచిలోంచి స్టీలు గిన్నె తీసి, "మరి... మీ గిన్నె వచ్చిందండీ బావగారూ, మా వీధిలో ఎవరో ఇచ్చారండీ" అని నసిగాడు.

ఓసి పిచ్చిదానా! మన పక్క పెద్దవాళ్ళ పేరు కొట్టించి, దండేసిన ఫోటో పెట్టి, కింద కుటుంబ సభ్యులని రాయించి స్టీలు గిన్నె పంచేది ఎప్పుడే? పెద్దకార్యం నాడు, భోజనాలయ్యాక! నీ వంటింట్లో పాలగిన్నె ఎవరి పేరున వచ్చింది? పోపుడబ్బా ఎవరి పేరున వచ్చింది? అందరూ పైకి పోయినవాళ్ళే కదా! రోజూ వాటితోనే వండుకుంటూ నీకా మాత్రం తట్టలేదా? పైగా నేను ప్రశాంతంగా ఉన్నానట!

సాయంత్రం దెందులూరునుంచి ఇంకో జట్టు వచ్చింది. వాళ్ళు నన్ను చూశారు, తరవాత మీ అత్తయ్య బొట్టు చూశారు, మళ్ళీ నన్ను చూశారు. వచ్చినందుకు కాఫీ తాగి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ అందులో ఒకాయన, "ఏదో, వచ్చిన పని కాలేదు" అన్నాడు. నా చెవులతో విన్నాను.

ఇక ఆ వల సంగతి. కొల్లేట్లో ఎన్నేళ్ళు నానినా నా ముడి ఊడలేదని నేను గొప్పగా చెప్పాను. నువ్వు దాన్ని కవరు మీద ఫిర్యాదుగా విన్నావు. నీతో ఇంక ఏం మాట్లాడను?

ఈ వారం కారం పంపడం లేదు. పోయినవాడు కారం ఎలా కొట్టిస్తాడు?

ఇట్లు,
ఇంకా ఉన్న నీ మావయ్య,
సూర్రావు.

తా.క.: వీర్రాజు ఆచారం ప్రకారం మీ అత్తయ్యకి పుట్టింటి చీర తెచ్చాడు. సంగతి తేలాక పట్టుకుపొమ్మన్నాను. మీ అత్తయ్య ఇవ్వనంది. "మీరున్నారని నాకూ సంతోషమేనండి, చీర మాత్రం నాకు నచ్చింది" అంటోంది.


వట్లూరు,
మంగళవారం.

నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాల్సిన మావయ్యగారికి సాయిదుర్గ చెంపలు వేసుకుని రాయునది.

మీరు చెప్పినట్టే మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ఇప్పుడు నాకన్నీ అర్థమవుతున్నాయి. గిన్నెలు ఒక్కటీ వెనక్కి రావడం లేదు, ఎందుకా అనుకున్నాను. అడిగితే, "అయ్యో, పెద్దాయన గుర్తుగా ఉంచుకుంటామమ్మా, అలాంటివి తిరిగివ్వకూడదు" అంటున్నారు. పోయినవారి పేరున వచ్చిన గిన్నె వెనక్కి పంపితే ఆయన్ని అవమానించినట్టట. ఇలా అయితే కొట్లో పులుసు ఉంటుంది, పొయ్యడానికి గిన్నె ఉండదు. మళ్ళీ కవర్లకి దిగాల్సిందే. అది మాత్రం నావల్ల కాదండి.

అందుకని తప్పు దిద్దాలని కొట్టు ముందు బోర్డు పెట్టాను. "సూర్రావు గారు క్షేమంగా ఉన్నారు" అని రాయించాను. దాంతో జనం, పాపం పెద్దాయన ఆస్పత్రిలో ఉన్నట్టున్నారు, గండం గడిచింది కాబోలు అనుకున్నారు. ఏ వార్డు అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మీ ఊరి పేరు గిన్నె మీదే ఉంది కాబట్టి కొందరు పళ్ళు పట్టుకుని అటు బయల్దేరారు. కాస్త చూసుకోండి.

ఆ బోర్డు తీసేసి, తేటగా తెలుస్తుందని "సూర్రావు గారు బతికే ఉన్నారు" అని ఇంకోటి పెట్టాను. కాలేజీ గుమాస్తాగారొకాయన అది చదివి, కళ్ళు తుడుచుకుని, "నిజమేనమ్మా, అలాంటివాళ్ళకి చావేమిటి" అన్నారు. మధ్యాహ్నానికి ఎవరో సుద్దముక్కతో "మన గుండెల్లో" అని ముందు చేర్చిపోయారండి.

కారం మాత్రం ఆపకండి మావయ్యా. డబ్బా అడుగు కనిపిస్తోంది. మీ కారం లేకపోతే అది చేపల చారే గానీ పులుసు కాదు. జనం మీ పేరు చెప్పుకునే తింటున్నారు.

ఇట్లు,
బుద్ధి గడ్డితిన్న మీ మేనకోడలు,
సాయిదుర్గ.

తా.క.: చెప్పకూడదు గానీ, మీరు పోయినప్పట్నుంచీ పులుసు రెట్టింపు అమ్ముతోందండి.


గుడివాకలంక,
శుక్రవారం.

సాయిదుర్గకు నీ మావయ్య వ్రాయునది. క్షేమం సంగతి రాయను. రాసినా నమ్మేవాడు లేడు.

నువ్వు పంపిన పళ్ళవాళ్ళు వచ్చారు. ఇల్లంతా బత్తాయిలే. పలకరించడానికి వచ్చినవాళ్ళు నన్ను మంచం మీద పడుకోమంటున్నారు. కూర్చుని మాట్లాడితే వాళ్ళకి తృప్తిగా లేదు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇంకేం బెంగ పెట్టుకోకండి అన్నయ్యగారూ, అన్నీ చూశారు కదా" అంది. ఏం చూశానే నేను? మొన్నటి కొరమీను సైజు చూశాను!

పింఛను తెచ్చే సచివాలయం అమ్మాయి వేలిముద్ర వేయించుకుంది. మిషను ఒప్పుకున్నా ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఒకసారి గట్టిగా దగ్గండి అంది. దగ్గాను. "ఆ, ఇప్పుడు బానే ఉందండి" అని వెళ్ళింది. సర్కారు వారి ముందు బతికున్నానని దగ్గి నిరూపించుకునే గతి పట్టించావు నాకు.

చాలు. నాకీ గౌరవం వద్దు. గిన్నెల మీంచి నా పేరు తీసెయ్. మూతమీంచి ఆ దండ ఫోటో పీకెయ్. బోర్డుల మీద కూడా ఎక్కడా నేను కనబడకూడదు. నా పేరు లేకుండా నీ పులుసు ఎలా అమ్ముకుంటావో అమ్ముకో.

ఇట్లు,
సూర్రావు.
(మావయ్య అని రాయను.)

తా.క.: ఏడుకొండలు కూడా మారిపోయాడు. ఇదివరకు నన్ను చూస్తే "ఆయ్, బాగున్నారాండీ" అనేవాడు. ఇప్పుడు "ఉన్నారాండీ" అంటున్నాడు.


వట్లూరు,
ఆదివారం.

మావయ్యగారికి నమస్కారాలు.

మీరు మావయ్య అని రాయకపోయినా నాకు మావయ్యేనండి. మీరన్నట్టే చేస్తున్నాను. కొట్లో మిగిలిన గిన్నెల్లో ఆ పూటకి కావలసినవి ఉంచి, తక్కినవన్నీ మూటకట్టి మంగళవారం గూడెం పట్టుకెళ్తాను. స్టీలు కొట్లో మిషను మీద అరగదీస్తే పేరు ఆనవాలు కూడా ఉండదట. కొత్తగా చేసేవాటి మీద నా పేరు చెక్కుతామన్నారు. కొట్టు బోర్డు కూడా "సాయిదుర్గ చేపల పులుసు" అని మార్పించేస్తాను. కారం ఇక్కడే ఏలూరు మిల్లులో నేనే కొట్టించుకుంటాను, ఇకమీదట మీకా శ్రమ ఉండదు.

మిమ్మల్ని గొప్ప చెయ్యాలనుకున్నాను, నవ్వులపాలు చేశాను. నాకు చాలా బాధగా ఉందండి.

ఇట్లు,
సాయిదుర్గ.

తా.క.: రైల్లో పట్టుకెళ్ళేవాళ్ళకి ఆ క్లిప్పులు కుదుపుకి ఊడుతున్నాయి. గుడ్డతో మూటకట్టి చూశాను, నిలబడలేదు. మీ ముడి అయితే నిలిచేదేమో. ఇప్పుడనుకుని ఏం లాభం లెండి.


వట్లూరు, మన కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని,
మంగళవారం మధ్యాహ్నం.

అమ్మా సాయిదుర్గా, నీ మావయ్య సూర్రావు తొందరగా వ్రాయునది.

ముందు ఆ మిషను ఆపించు! ఈ ఉత్తరం ఏడుకొండలు గూడెం స్టీలు కొట్టుకే తెచ్చి నీ చేతిలో పెడతాడు. చదువుతుండగా ఇంకో గిన్నె అరగదీశారో, ఊరుకోను.

తీసెయ్యమన్నది నేనే, కాదనను. తీసెయ్యమంటే తీసేస్తావా? ఇన్నేళ్ళలో నేను చెప్పిన మాట ఒక్కటి విన్నావా, ఇదొక్కటే వినాలా? నేను పోయానని జనం అనుకున్నప్పుడు కోపం వచ్చింది గానీ భయం వెయ్యలేదు. నీ ఉత్తరం చదివితే భయం వేసింది. నా పేరు లేని గిన్నె, నా కారం కాని పులుసు... నిజంగా పోవడమంటే అదేనేమో అనిపించింది. రాత్రికి రాత్రి కారం సిద్ధం చేసి, ఇంట్లో కవర్లు అయిపోతే చేతికందిన గుడ్డలో మూటకట్టి, పొద్దున్నే వ్యానెక్కేశాను. వచ్చేసరికి నువ్వు గూడెం వెళ్ళిపోయావు. వంట చేసే వీరదుర్గ ఒక్కతే ఉంది. పొయ్యి దగ్గర్నుంచి కదిలే వీలు లేదంది. గల్లా దగ్గర నేను కూర్చున్నాను.

ఒక్కడు గుర్తుపట్టలేదే! దండ లేకపోతే నేను కాదనుకున్నారో ఏమో. "మీరు పెద్దాయన తమ్ముడుగారాండీ? అవే పోలికలు" అన్నారు. సరే, చూద్దామని ఔనన్నాను. ఇక నా గురించి చెప్పడం మొదలెట్టారు. కూలీనాలీ చేసుకునేవాళ్ళకి ఇంకో గరిటె ఎక్కువ పోసేవారని ఒకరు, అంత మృదువుగా మాట్లాడే మనిషిని చూడలేదని ఇంకొకరు. మృదువుగా అన్నవాణ్ణి నేను ఒకప్పుడు కొట్టు మెట్ల మీంచి తరిమాను. వాడికి గుర్తులేదు. నేనూ గుర్తుచెయ్యలేదు, వినడానికి బాగుంది మరి.

రైలుకి వెళ్ళేవాళ్ళు వచ్చారు. నువ్వు రాసింది గుర్తొచ్చి, కారం తెచ్చిన గుడ్డ చింపి, గిన్నె చుట్టూ తిప్పి, పాత కవరు ముడే వేశాను. గుడ్డకి ఇంకా బాగా పట్టింది! తలకిందులు చేసి ఊపి చూపించాను, చుక్క కారలేదు. అంతా ఔరా అన్నారు. ఒక్కడు మాత్రం, ఇదివరకు పట్టుకెళ్ళిన మన గిన్నెనే వెంట తెచ్చుకున్న ఓ పెద్దమనిషి, పెదవి విరిచి, "ఫరవాలేదు గానీ, పెద్దాయన ముడి ముందు దిగదుడుపేనండి" అన్నాడు.

దిగదుడుపా! నా ముడి నా ముడి ముందు దిగదుడుపా! నాకు ఎక్కడో కాలింది. బల్ల మీద ఒక్క చరుపు చరిచి, "ఒరే, నేనేరా సూర్రావుని!" అన్నాను.

వాడు గిన్నె అక్కడే వదిలేసి పరుగో పరుగు. సాయిదుర్గా, వెనక్కొచ్చిన మొదటి గిన్నె అదేనే.

వార్త వట్లూరంతా గుప్పుమంది. బతికున్నవాడి పెద్దకార్యం గిన్నె ఇంట్లో ఉంటే అరిష్టమట. ఈ ఆచారం ఎక్కడుందో నాకు తెలీదు, వాళ్ళే కనిపెట్టుకున్నారు. ఒంటిగంట దాటేసరికి కొట్టు ముందు లైను. ఒక్కరూ ఖాళీగా ఇవ్వలేదు, మన పక్క ఖాళీ గిన్నె తిరిగిచ్చే అలవాటు లేదు కదా. ఒకరు బెల్లం, ఒకరు కందిపప్పు, ఇంకొకరు దోసకాయ వేసి తెచ్చారు. ఓ ముసలావిడ గోంగూర పచ్చడి పెట్టి తెచ్చి, "ఉన్నవాడివి ఉన్నట్టు ఉండక ఈ వేషాలేంటి నాయనా" అని చీవాట్లు పెట్టింది. ఎంత హాయిగా ఉందో. ఇన్నాళ్ళకి నన్నెవరో మనిషిలా తిట్టారు.

కాబట్టి కవర్ల సంగతి ఇంక ఎత్తను. నాక్కావలసింది ముడి, అది గుడ్డకైనా వేస్తాను. రేపట్నుంచి ఏడుకొండలు వ్యానులో రోజూ నేనే వస్తాను. నా పేరు ఉంచు, ఫోటో ఉంచు, దండ కూడా ఉంచు. దాని కింద ఈ ఒక్క ముక్క చేర్చి చెక్కించు: "తిన్నాక గిన్నె తెచ్చివ్వండి. లేదంటే నేనే వస్తాను."

ఇక చూడు, ఒక్క గిన్నె పోతే నన్నడుగు.

ఇట్లు,
రోజూ వచ్చే నీ మావయ్య,
సూర్రావు.

తా.క.: చించిన గుడ్డ అంచు ఇప్పుడే చూశాను. అది వీర్రాజు పెట్టిన చీర. మీ అత్తయ్యకి ఇంకా తెలీదు. ఒక ముక్క ఏడుకొండలు చేత పంపుతున్నాను, గూడెంలో కొట్లన్నీ తిరిగి అచ్చం అలాంటిదే కొనుక్కురా. దొరక్కపోతే మాత్రం మిగతా గిన్నెలు జాగ్రత్తగా దాచు. ఈసారి నిజంగానే పంచాల్సి వస్తుంది.